అతుకును అతికినవాడును

ఇంటిలో దీపము వెలిగినప్పుడు మన బుద్ధి తీగవెంట పోయి విద్యుత్కేంద్రము కడకు చేరును. అచ్చటినుండి బొగ్గుగుట్ట కడకు పోయి నిలిచిపోవును. కేంద్రము నెలకొన్ననాడు దాని మెగావాట్ల లెక్కయు, దానికైన కోట్ల లెక్కయు పత్రికలలో విరివిగా ప్రకటింపబడును. కాని ఆ కేంద్రములో మండుచున్న ఆవిరిని పట్టియుంచు గొట్టములను ఎవరు అతికిరి, ఏ విధమున అతికిరి, అతికినవారి బ్రదుకు ఎట్లున్నది అను ప్రశ్నలకు చరిత్రగ్రంథములలో చోటు అరుదు. రాజుల చరిత్రము చాలును, ప్రజల చరిత్రము వ్రాయవలెనని మన సాహిత్యమున చాలకాలమునుండి చెప్పుకొనుచున్నాము. ఆ మాటను మనము నిజముగా నమ్మినచో, అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురము మొదలుకొని విశాఖ రేవువఱకు గల తీరమున అనేక కుటుంబములకు అన్నము పెట్టుచున్న వెల్డింగు వృత్తికిని ఒక చరిత్రము ఉండవలెను. మేము ఈ వ్యాసమున ఆ చరిత్రమును సంగ్రహముగా చెప్పి, దానినుండి తేలు ఒక విషయమును చదువరుల యెదుట పెట్టదలచితిమి.

రెండు లోహఖండములను ఒక్కటిగా చేయు విద్య మనకు క్రొత్తది కాదు. పల్లెలోని కమ్మరి అరిగిన నాగటికర్రును పొడిగింపవలసి వచ్చినప్పుడు, ఆ కర్రును క్రొత్త ఇనుపముక్కను కొలిమిలో తెల్లగా కాచి, పైని ఇసుక చల్లి, దాగలిపై నుంచి సుత్తితో మోదును. ఇసుక కరగి ఇనుముపైనున్న చిట్టెమును తనలో కలుపుకొనును; సుత్తిదెబ్బకు ఆ ద్రవము వెలికి చిమ్మగా శుభ్రమైన ఇనుము శుభ్రమైన ఇనుమును అంటుకొనును. కంసాలి వెలిగారము వేసి టంకము పెట్టుటయందును ఇదే సూత్రము. గాలికి తగిలి మలినమైన పైపొరను తొలగించి, లోపలి లోహమును లోహముతో కలుపుటయే అతుకు రహస్యము. ఢిల్లీయందలి ఇనుపస్తంభము సుమారు 1600 ఏండ్ల క్రిందటిది. ఏడు మీటర్ల పొడవును, ఆరు టన్నులకు మించిన బరువును గలది. దానిని పోతపోయలేదు. ఇనుపముద్దలను ఒకదాని తరువాత ఒకటి కాచి, మోది, అతికి నిలిపిరి.

ఇంతటి విద్య మనయొద్ద ఉండియు శాస్త్రముగా ఎదుగకపోవుటకు ఒక కారణము మన సంఘములోనే కలదు. చేతిపనిని ఒక కులమునకు అప్పగించి, చదువును మఱియొక కులమునకు అప్పగించితిమి. చేసినవాడు వ్రాయలేదు, వ్రాసినవాడు చేయలేదు. కమ్మరి కంటితో ఇనుపురంగు చూచి వేడిని గుర్తించు నేర్పు అతని కుమారునికి అందినది గాని గ్రంథమునకు ఎక్కలేదు. పంతొమ్మిదవ శతాబ్దిలో ఆవిరియంత్రము మన రేవులకు వచ్చినప్పుడు దానిని సరిచేయు విద్యను మనము పరదేశమునుండి నేర్చుకొనవలసి వచ్చినది.

ఆ ఆవిరియంత్రమునకు ప్రాణము బాయిలరు. తొలినాటి బాయిలర్లు వెల్డింగు ఎఱుగవు. ఇనుపరేకుల అంచులను ఒకదానిపై నొకటి వేసి, రంధ్రములు తొలిచి, ఎఱ్ఱగా కాచిన రివెట్లను దూర్చి మోదెడివారు. రివెట్టు వేసిన ప్రతి రంధ్రమును రేకును బలహీనపరచును. రేకుల నడుమనుండి ఆవిరి కాఱుచుండును. పీడనము పెంచినకొలది ప్రమాదము పెరుగును. ఎక్కువ పీడనము లేనిదే ఎక్కువ శక్తి రాదు గనుక రివెట్టును మించిన అతుకు కొఱకు పాశ్చాత్యదేశములలో అన్వేషణ సాగినది.

1802లో రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు పెత్రోవ్ రెండు బొగ్గుకడ్డీల నడుమ విద్యుత్తు ఎడతెగక మండుచు నిలుచుటను కనిపెట్టెను. ఆ విద్యుచ్చాపమునే మన కార్మికులు ‘ఆర్కు’ అందురు. దాని వేడి అయిదువేల డిగ్రీలకు పైబడును. ఇనుము కరగుటకు పదునైదువందలకు కొంచెము ఎక్కువ చాలును. ఎనుబదేండ్ల తరువాత, 1881లో, ఫ్రాన్సులో మెరితాన్ ఆ చాపముతో బ్యాటరీల సీసపుపలకలను అతికెను. 1885 ప్రాంతమున బెనార్డోస్, ఓల్షెవ్‌స్కీ అనువారు బొగ్గుకడ్డీ చాపముతో ఇనుమును అతుకు విధానమునకు పేటెంటు పొందిరి. 1888లో స్లావ్యానోవ్ బొగ్గుకు బదులు లోహపుకడ్డీనే వాడెను. కడ్డీయే కరగి అతుకులో కలియును. స్వీడన్ దేశీయుడగు ఆస్కార్ షెల్‌బెర్గ్ 1904లో ఎసాబ్ కంపెనీని స్థాపించి, కొలదికాలములోనే కడ్డీకి ఖనిజముల పూత పూసెను. ఆ పూత మండినప్పుడు పుట్టు పొగ గాలిని దూరముగ నెట్టును. కరగిన చిట్టెము అతుకుపై దుప్పటివలె కప్పుకొనును. కమ్మరి చల్లిన ఇసుకయే ఇచ్చట పూతరూపమున మఱల వచ్చినదని చదువరులు గ్రహింతురుగాక. 1903 ప్రాంతమున ఫ్రాన్సులో ఆక్సిజను, ఎసిటిలీను కలిపి మండించు దీపము వచ్చినది. 1941లో అమెరికాలో మెరెడిత్, కరగని టంగ్‌స్టను సూదియు, దేనితోను కలియని హీలియము వాయువును వాడి, విమానములలోని తేలికలోహమును అతికెను. నేడు హీలియమునకు బదులు ఆర్గాను వాడుచు, బాయిలరు గొట్టముల తొలిపొరను ఈ పద్ధతిచేతనే వేయుదురు.

విద్య ఇట్లు పెరుగుచుండగా, దానిని కట్టుబాటులో నుంచు చట్టము వేఱొక మార్గమున పుట్టినది. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు ప్రేలి పలువురు మరణించిరి. మఱుసటి యేటనే బెంగాలులో బాయిలర్ల తనిఖీకి చట్టము వచ్చినది. అమెరికాలోని బ్రాక్టను పట్టణమున 1905 మార్చి 20న ఒక చెప్పుల కర్మాగారపు బాయిలరు ప్రేలి 58 మంది చనిపోయిరి. ఆ దుఃఖమునుండియే ఆ దేశపు యంత్రశాస్త్రజ్ఞుల సంఘము 1914 సంవత్సరపు బాయిలరు నియమావళిని కూర్చినది. మనదేశమున ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క చట్టముండుటచే కలిగిన గందరగోళమును తొలగించుటకు 1923లో ఇండియన్ బాయిలర్ల చట్టమును చేసిరి. దాని క్రింద 1950లో విపులమైన నియమావళి వచ్చినది. ఈ చట్టము శతవర్షములు నిలిచినది. 2025లో పార్లమెంటు దాని స్థానమున నూతన బాయిలర్ల చట్టమును చేసెను.

ఈ చట్టములలోని ఒక ఏర్పాటును చదువరులు శ్రద్ధతో గమనింపవలెను. ప్రతి బాయిలరునకును ఒక నమోదుసంఖ్య కలదు. దానిని బాయిలరు మేనిపై చెక్కుదురు. బాయిలరు ఒకచోటినుండి మఱియొకచోటికి తరలినను, చేతులు మారినను, దాని పూర్వచరిత్రము దానివెంట పోవును. అది ఎప్పుడు పుట్టెను, ఎంత పీడనమునకు తగినది, ఎప్పుడు మరమ్మతు పొందెను అను సంగతులన్నియు వ్రాతలో నుండును. అది వృద్ధమైనచో ఇన్‌స్పెక్టరు దానిని వెంటనే పాఱవేయుమనడు. పీడనమును తగ్గించి నడుపనిచ్చును. ఒక్కమాటలో, మన చట్టము బాయిలరునకు జాతకము వ్రాయించినది.

ఇక ఈ విద్య మన తీరమునకు చేరిన విధమును చెప్పుదుము. విశాఖ రేవు 1933లో తెఱువబడినది. మధ్యరాష్ట్రములనుండియు మన మన్యమునుండియు వచ్చు మాంగనీసు ఖనిజమును ఎగుమతి చేయుట ఆ రేవు ముఖ్యప్రయోజనములలో నొకటి. 1941లో సింధియా కంపెనీ రేవుప్రక్కన నౌకానిర్మాణశాలకు పునాది వేసినది. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ ‘జల ఉష’ అను నౌకను నీటిలోనికి విడిచెను. నౌకానిర్మాణమున రివెట్టు తొలగి వెల్డింగు వచ్చుచున్న కాలమది. ఆ మార్పు నిరపాయముగా రాలేదు. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లండు రేవున ‘షెనెక్టాడి’ అను క్రొత్త నౌక, అలలైనను లేని నీటిలో, రెండుగా చీలెను. చలికి పెళుసెక్కిన ఉక్కులో పుట్టిన పగులు, రేకులన్నియు అతుకులచే ఏకమైయుండుటచే, ఆగుటకు చోటులేక చివరివఱకు పాఱినది. అతుకు రెంటిని ఒకటి చేయును; చేసినపిమ్మట ఒకదాని దోషము రెండవదానికిని సంక్రమించును. ఉక్కును, అతుకును, అతుకువానిని కలిపి పరీక్షింపవలెనని లోకము ఆనాడు నేర్చుకొనెను.

1966లో విశాఖయందు భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్సు అను ప్రభుత్వసంస్థ వెలసినది. పీడనపాత్రలు చేయుటయే దాని పని గనుక వెల్డింగు దానికి ప్రాణము. తరువాత అది బి.హెచ్.ఇ.ఎల్.లో లీనమైనది. అదే 1966లో రేగిన ఉక్కు ఉద్యమము ప్రాణములను బలిగొని, 1971 శంకుస్థాపనకును, 1992 ఆగస్టు 1న కర్మాగారము జాతికి అంకితమగుటకును దారితీసెను. ఆ కర్మాగారమునకు తన సొంత విద్యుత్కేంద్రము కలదు. ఆ తరువాత పరవాడయందు ఎన్.టి.పి.సి. వారి సింహాద్రి కేంద్రము లేచినది. 2002లో మొదలుకొని 2012 నాటికి 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు సిద్ధమై మొత్తము 2000 మెగావాట్లైనది. సముద్రపునీటితో చల్లబడు దాని శీతలగోపురములు 165 మీటర్ల ఎత్తుగలవి. 2016లో పాలవలసయందు హిందూజా వారి 1040 మెగావాట్ల కేంద్రము చేరినది. అచ్యుతాపురము, రాంబిల్లి గ్రామముల భూములలో ప్రత్యేక ఆర్థికమండలి ఏర్పడి, వస్త్రములు, ఔషధములు మున్నగువాని కర్మాగారములు వచ్చినవి. పొలము పోయిన రైతుబిడ్డయు, వలవిడిచిన మత్స్యకారుని బిడ్డయు, కొలిమి ఆరిన కమ్మరిబిడ్డయు ఐ.టి.ఐ.లోనో, గాజువాక ప్రాంతపు ప్రైవేటు శిక్షణశాలలోనో ఒకే బల్లయొద్ద నిలిచి హోల్డరు పట్టుట నేర్చుచున్నారు. కులమునకు కట్టుబడిన విద్య ఇట్లు కట్టు తెంచుకొనినందుకు మేము సంతోషించుచున్నాము. శ్రీకాకుళము, విజయనగరము మొదలుకొని ఈ తీరపు యువకులు ఈ విద్యను చేతపట్టుకొని గల్ఫుదేశముల చమురుశుద్ధి కర్మాగారములకును, దూరపు నౌకాశాలలకును పోవుచున్నారు.

ఆ విద్య ఎంత కఠినమో బయటివారికి తెలియదు. 500 మెగావాట్ల యూనిట్టు బాయిలరులో ఆవిరి చదరపు సెంటీమీటరునకు సుమారు 170 కిలోల పీడనముతోను, 540 డిగ్రీల వేడితోను ఉండును. దానిని మోయునవి రెండంగుళముల వ్యాసము చుట్టుప్రక్కలనుండు ఉక్కుగొట్టములు. అవి గోడలుగా, తెరలుగా, చుట్టలుగా అమర్పబడియుండును. వానిలో అతుకులు వేలకొలది. ఒక్క అతుకులో సూదిబెజ్జమంత రంధ్రము పడిన, దానినుండి చిమ్ము ఆవిరి ప్రక్కగొట్టమును కోసివేయును. యూనిట్టును ఆపక తప్పదు. 500 మెగావాట్ల యూనిట్టు పూర్తిశక్తితో దినమంతయు నడచిన పుట్టునది ఒకకోటి ఇరువదిలక్షల యూనిట్ల విద్యుత్తు. సూదిబెజ్జము ఖరీదు అంత.

అట్టి ‘ట్యూబు లీకు’ నాడు కార్మికులు రేయనక పగలనక పిలువబడుదురు. ఫర్నేసు చల్లారీ చల్లారకమునుపే పరంజా కట్టుదురు. వెల్డరు మ్యాన్‌హోలుగుండ పాకి లోపలికి పోవలెను. చుట్టును బూడిద, కాలు నిలువదు. చెడిన గొట్టమును కోసి, క్రొత్తముక్కను అమర్చి, అంచులను వాలుగా రుద్ది, రెంటినడుమ నాణెము మందమంత సందు విడిచి, ముందు ఆర్గాను పద్ధతిని తొలిపొర వేయవలెను. లోపల ఆ పొర కొంచెము దిగిన ఆవిరిదారికి అడ్డము. కొంచెము తగ్గిన పగులునకు బీజము. గొట్టపు వెనుకతట్టు కంటికి కనబడదు. అచ్చట చిన్న అద్దము నిలిపి, అద్దములోని ప్రతిబింబమును చూచుచు ఎడమను కుడిగా, కుడిని ఎడమగా ఎంచి చేయి త్రిప్పవలెను. క్రోమియము, మాలిబ్డినము కలిపిన ఉక్కైనచో ముందుగా కాచవలెను; అతికినపిదప మఱల కాచి మెల్లగా చల్లార్పవలెను. తరువాత ఇరిడియము కిరణములతో ఫిల్ము తీయుదురు. అప్పుడు ఇతరులెవ్వరును ఆ చాయల నుండరాదు. ఫిల్ముపై నల్లచుక్క కనబడెనా, కోసి మఱల అతుకవలసినదే. ప్రతి అతుకునకు సంఖ్య కలదు. దానిప్రక్క అతికినవాని సంఖ్యయు రిజిస్టరులో ఎక్కును. ఇంతటి పనికి అతడు ముందుగా పరీక్ష నిచ్చి నెగ్గవలెను. గొట్టమును నలువదియైదు డిగ్రీలు వంచి బిగింతురు. దానిని కదలింపకుండ చుట్టును తానే తిరుగుచు అతుకవలెను. ఇన్‌స్పెక్టరు సమక్షమున నెగ్గినవానికే పత్రము. దానికిని రెండేండ్ల గడువు.

ఈ వృత్తిలో వెల్డరులందఱు ఎఱిగిన ఒక శత్రువు కలదు. అది హైడ్రోజను. కడ్డీపూతలో తేమ చేరినచో ఆర్కువేడికి అది విడిపోయి, హైడ్రోజను కరగిన ఉక్కులో దూరును. అతుకు చల్లారును, చూచుటకు అందముగా నుండును. కాని లోపల దాగిన హైడ్రోజను కొన్నిగంటలకో, రెండుమూడు దినములకో పగులును పుట్టించును. అందువలననే కడ్డీలను పొయ్యిలో కాల్చి, వేడిగా నుండు పెట్టెలో పెట్టుకొని, ఒక్కొక్కటిగా తీసి వాడుదురు. అందువలననే కొన్ని అతుకులను అతికిన వెంటనే కాక కొంత వ్యవధి నిచ్చి పరీక్షింతురు. దోషము ఆలస్యముగా బయటపడునని యెఱిగినవారు పరీక్షనుగూడ ఆలస్యముగా చేయుదురు. ఇది బుద్ధిమంతుల పద్ధతి.

ఈ బుద్ధిని మనము అతుకువిషయమున చూపితిమిగాని అతికినవానివిషయమున చూపలేదు. మేము ఈ వ్యాసమును వ్రాయుటకు హేతువు ఇదియే.

ఆర్కుకాంతిని నల్లఅద్దము లేక చూచినవానికి అప్పటికి ఏమియు తోచదు. రాత్రి నిద్రపోవు వేళకు కన్నులలో ఇసుక పోసినట్లు మంట పుట్టును. ఇది రెండుమూడు దినములకు తగ్గును. కావున దీనిని ఎవరును లెక్కచేయరు. పొగ అట్టిది కాదు. కడ్డీయు, దాని పూతయు మండగా లేచు పొగలో ఒక మైక్రానుకంటె సూక్ష్మమైన రేణువులు కలవు. అవి ముక్కుచేత వడగట్టబడక ఊపిరితిత్తుల లోతునకు పోవును. వానిలో మాంగనీసు కలదు. క్రోమియము ఎక్కువగానున్న ఉక్కు నతుకునప్పుడు విషరూపమైన క్రోమియమును కలదు. మాంగనీసుధూళి మనుష్యుని నడకను, మాటను చెఱచునని గ్లాస్గోలో కూపర్ అను వైద్యుడు 1837లోనే వ్రాసెను. మనదేశమున మాంగనీసు త్రవ్వకము మొట్టమొదట ఆరంభమైనది 1892 ప్రాంతమున, నాటి విశాఖపట్టణము జిల్లాయందే. మన నేల త్రవ్వి, మన రేవునుండి ఓడలకెత్తిన ఖనిజపు గుణమును మనమే ఎఱుగకుండుట వింత. 2017లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ వెల్డింగుపొగను మానవులకు క్యాన్సరు కలిగించునని నిశ్చయమైన మొదటివర్గమున చేర్చినది. ఇవన్నియు ఏండ్లతరబడి దాగియుండి బయటపడు దోషములు, హైడ్రోజను పగులువంటివే.

చదువరులారా, రెండు చట్టములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. బాయిలర్ల చట్టము 1923వ సంవత్సరపు 5వ చట్టము. కార్మికుల నష్టపరిహారచట్టము అదే సంవత్సరపు 8వ చట్టము. ఒకే శాసనసభ, ఒకే యేట, యంత్రమునుగూర్చియు మనుష్యునిగూర్చియు ఆలోచించినది. మొదటిదాని మార్గము వేఱు: బాయిలరు చెడకముందే చూడవలెను, ఏటేట చూడవలెను, చూచినది వ్రాయవలెను, వ్రాసినది బాయిలరు వెంట పోవలెను. రెండవదాని మార్గము వేఱు: మనుష్యుడు చెడినపిదప, చెడినట్లు ఋజువైనపిదప, సొమ్ము ఇయ్యవలెను. సీసపువిషమువంటి వృత్తివ్యాధులనుగూడ అది గుర్తించినమాట నిజమే. కాని ఈ నెల పరవాడలో, వచ్చునెల ఒడిస్సాలో, ఆపై ఏడు గల్ఫులో పనిచేయు కంట్రాక్టు వెల్డరు తన ఊపిరి ఎచ్చట చెడినదని ఋజువు చేయగలడు? ఏ యజమానిని చూపగలడు? అతని అతుకుల లెక్క ప్రతి రిజిస్టరులోను ఉన్నది. అతని ఊపిరిలెక్క ఏ రిజిస్టరులోను లేదు.

ఇట్లేల జరిగినది? చరిత్రమే సమాధానము చెప్పుచున్నది. బాయిలరు ప్రేలినప్పుడు శబ్దమగును, గోడలు కూలును, దారినపోవువాడును చచ్చును, నగరమంతయు మేల్కొనును. 1863లో కలకత్తా మేల్కొన్నది, 1905లో బ్రాక్టను మేల్కొన్నది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురము ఆర్థికమండలిలోని ఒక ఔషధకర్మాగారమున ప్రేలుడు సంభవించి 17 మంది మరణించినప్పుడు దేశమంతయు ఇటు చూచినది, మంత్రులు వచ్చిరి, మృతుల కుటుంబమునకు కోటిరూపాయల చొప్పున పరిహారము ప్రకటింపబడినది, తనిఖీలు ఆజ్ఞాపింపబడినవి. అది చేయదగిన పనియే. కాని నలువదియైదేండ్లకే మెట్టెక్కలేక ఇంటి అరుగుపై దగ్గుచు కూర్చున్న వెల్డరు శబ్దము వీధికైనను వినబడదు. శబ్దమునుబట్టి చట్టము చేయు లోకములో దగ్గునకు చట్టము రాలేదు.

దీనికి మూడు ఆక్షేపణలు వినుచుందుము. మాస్కులిచ్చినను కార్మికులే పెట్టుకొనరనునది మొదటిది. ఉడుకుచున్న ఫర్నేసులో, చెమట కన్నులలోనికి కాఱుచుండగా, ముఖముపై గుడ్డకట్టుకొని అద్దములో చూచి అతుకుమనుట సులభము, అతుకుట కష్టము. అదియుగాక ఆ సూక్ష్మరేణువులకు గుడ్డ అడ్డుకాదు. పొగను పుట్టినచోటనే పీల్చివేయు గొట్టమును, లోపలి కార్మికునికి మంచిగాలి నందించు ముసుగును కావలెను. ఇవి క్రొత్తగా కనిపెట్టవలసినవి కావు, కొనవలసినవి.

వారు కంట్రాక్టరు మనుష్యులు, బాధ్యత అతనిదే యనునది రెండవది. అతుకువిషయమున ఏ విద్యుత్కేంద్రమైనను ఈ మాట అనునా? అతుకు కంట్రాక్టరుదేకదా యని ఫిల్ము తీయుట మానునా? తన మనుష్యులను నిలిపి తానే పరీక్షించును. పనికి తనదైన పరీక్ష, పనివానికి కంట్రాక్టరు పరీక్ష యనుట న్యాయము కాదు.

పరీక్ష చేసినచో రోగము బయటపడి కార్మికుని పని పోవును, కావున వారే ఒప్పుకొనరనునది మూడవది. ఇది నిజమైన భయము. దీనిని తేలికగా కొట్టివేయరాదు. కాని బాయిలరువిషయమున చట్టము చూపిన దయను ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. వృద్ధమైన బాయిలరునకు పీడనము తగ్గించినట్లే, ఊపిరి తగ్గిన వెల్డరును ఫర్నేసులోనికి పంపక బయటి పనికిని, అతుకుల తనిఖీకిని, క్రొత్తవారికి నేర్పు పనికిని నియమింపవచ్చును. ఇరువదియేండ్ల చేతినేర్పు గలవానికంటె మంచి గురువు ఏ ఐ.టి.ఐ.కి దొరకును?

2020లో పార్లమెంటు చేసిన వృత్తిభద్రతా ఆరోగ్యస్మృతి, నిర్ణయింపబడిన కార్మికవర్గములకు ఏటేట ఉచితముగా వైద్యపరీక్ష చేయించు బాధ్యతను యజమానిపై నుంచినది. ఇది మంచి అడుగు. దీనికి చేర్పవలసినవి రెండు. వెల్డరులు ఏ వయస్సువారైనను ఆ వర్గములో చేరవలెను. పరీక్షాఫలితము యజమాని బీరువాలో నుండిపోక, బాయిలరు చరిత్రమువలె మనుష్యుని వెంట పోవలెను. వెల్డరు తన యోగ్యతాపత్రమును ప్రతిచోటికి వెంట తీసికొనిపోవుచునే యున్నాడు. ఆ పత్రముతోపాటు ఒక ఆరోగ్యపుస్తకము ఉండుగాక. అది అతని సొత్తుగా, ప్రభుత్వవైద్యశాలలో ప్రతితో నుండుగాక. ఊపిరిబలమును ఊది కొలుచు పరీక్ష కొన్ని నిమిషముల పని. ఒక అతుకునకు తీయు ఫిల్ముకంటె అది కష్టమైనది కాదు.

ఈ పని ఇప్పుడే చేయవలయుననుటకు స్థానికమైన కారణమొకటి కలదు. అచ్యుతాపురము మండలములోని మత్స్యకారగ్రామమగు పూడిమడకయొద్ద మొదట 4000 మెగావాట్ల బొగ్గువిద్యుత్కేంద్రమును తలపెట్టిరి. ఆ తలపు మారి, అచ్చటనే హరిత హైడ్రోజను కేంద్రమునకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసెను. ఏ హైడ్రోజను అతుకులో దూరకుండ వెల్డరు కడ్డీలను కాల్చుకొనునో, ఆ హైడ్రోజనునే గొట్టములలో నింపి పంపవలసిన దినములు వచ్చుచున్నవి. ఉక్కును పెళుసెక్కించు వాయువును మోయు గొట్టమునకు అతుకు మునుపటికంటె నిర్దోషముగా నుండవలెను; అతుకు చేయి మునుపటికంటె స్థిరముగా నుండవలెను. బొగ్గు పోయినను వెల్డరు పోడు. అతని అవసరము పెరుగును.

పూడిమడకలో అతుకబోవు ప్రతి గొట్టమునకు సంఖ్య వేయుదురని మాకు సందేహము లేదు. ప్రతి అతుకునకు ఫిల్ము తీయుదురనియు సందేహము లేదు. ఆ రిజిస్టరు తెఱచు మొదటినాడే, ఆ అతుకులు వేయు యువకుల ఊపిరిని కొలిచి మొదటిపుటలో వ్రాయింపవలెనని అధికారులను అడుగుదము, కార్మికసంఘములును, ఐ.టి.ఐ. ఉపాధ్యాయులును, ఆ గ్రామముల పెద్దలును అడుగవలెను. మొదటిపుట లేనిచో ఇరువదియేండ్ల తరువాత పోల్చి చూచుటకు ఏమియు మిగులదు.